ఎనిమిది ఊళ్ల జాబితా మూడు ఊళ్లయిన తీరు: మార్చి నెలలో ఒక ఇటలీ హనీమూన్

2025 ఫిబ్రవరి మూడో వారంలో, మాఘమాసపు ముహూర్తానికి పెళ్లి నిశ్చయమైన ఒక జంట, హనీమూన్‌కు ఇటలీయే వెళ్లాలని తేల్చుకుని, అక్కడ ఏయే ఊళ్లు పెట్టుకోవాలో నిర్ణయించడంలో సాయం చేయమని అంతకుముందు నవంబరులో నా దగ్గరకు వచ్చారు. ఆయన హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరు. ఆమె విజయవాడలో దంతవైద్యురాలు. ఇద్దరికీ యూరప్ ప్రయాణం ఇదే మొదటిసారి. ప్రయాణాల ప్రణాళికలు వేయడం నా వృత్తి. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. మన వైపు నుంచి ఇటలీ వెళ్లే కొత్త జంటలలో చాలామంది సరిగ్గా ఇలాంటి జాబితాతోనే వస్తారు, ఆ జాబితాలో ఏది ఎందుకు తీసేయాలో చెప్పే విషయం మాత్రం ఎక్కడా ఒకచోట దొరకదు.

వారు తెచ్చిన జాబితాలో ఎనిమిది చోట్లున్నాయి: మిలన్, కోమో సరస్సు, వెనిస్, ఫ్లోరెన్స్, పీసా, చింక్వే తెర్రె, రోమ్, అమాల్ఫీ తీరంలోని పోసిటానో. వీటికి తోడు, జర్మనీలో ఉంటున్న ఆయన మేనమామగారు "అంత దూరం వెళ్తూ స్విట్జర్లాండ్ వదిలేస్తారా?" అని తొమ్మిదోది కూడా చేర్చారు. చేతిలో ఉన్నవి పది రాత్రులు.

ఆ పది రాత్రులూ ఎటూ కదలనివి. పదహారు రోజుల పండుగ అయ్యాక గానీ బయలుదేరడానికి లేదు. మార్చి 30న ఉగాది. కొత్త కోడలి తొలి ఉగాది ఇంట్లోనే జరగాలని అత్తగారి కోరిక. నెలాఖరులో ఆయనకు ఒక ప్రాజెక్టు అప్పగింత ఉంది కనుక ఉగాదికి పది రోజుల ముందే ఆఫీసులో ఉండాలి. అందువల్ల మార్చి 8, శనివారం ఉదయం హైదరాబాద్‌లో ఎక్కి, 19వ తేదీకి తిరిగి దిగాలి. ఏప్రిల్‌కో మే నెలకో వాయిదా వేసుకునే వీలుందా అని అడిగాను. లేదన్నారు. అక్కడి నుంచి లెక్కంతా మార్చి నెలకే కట్టుబడింది.

జాబితాను ఊరు వెంట ఊరుగా చర్చకు పెట్టడం నాకు అలవాటు లేదు. అలా పెడితే ప్రతి ఊరికీ ఒక మంచి మాట దొరుకుతుంది, ఏదీ తెగదు. దానికి బదులు ఇద్దరినీ విడివిడిగా ఒక పని చేయమన్నాను. ఏ ఊరి పేరూ రాయకుండా, హనీమూన్‌లో ఒక రోజు నిద్రలేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఎలా గడవాలనుకుంటున్నారో ఒక పేజీ రాసివ్వమన్నాను. నా అనుభవంలో జంటలు ఊళ్ల గురించి వాదించుకుంటున్నామని అనుకుంటారు గానీ, నిజానికి తేడా వచ్చేది రోజు నడిచే తీరు దగ్గర. అది తెలిస్తే ఊళ్లు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ఆమె పేజీలో ఇలా ఉంది: అలారం లేకుండా లేవాలి, కిటికీ తెరిస్తే నీళ్లు కనపడాలి, ఎటు వెళ్తున్నామో చూసుకోకుండా నడవాలి, సాయంత్రం ఆరుబయట కూర్చుని తినాలి, ఫలానా టైముకు ఫలానా చోట ఉండాలనే తొందర ఉండకూడదు. ఆయన పేజీలో మాత్రం రెండు గుమ్మటాలున్నాయి. పేర్లు రాయవద్దన్నాను కనుక "ఇనుము లేకుండా పోసిన గుమ్మటం, ఆధారపు చట్రం లేకుండా కట్టిన గుమ్మటం, ఈ రెండింటి కిందా తలెత్తి నిలబడాలి" అని రాశారు. మొదటిది రోమ్‌లోని పాంథియాన్. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీస్తుశకం 126 ప్రాంతంలో పూర్తయిన ఆ కట్టడం గుమ్మటం 43 మీటర్లకు పైగా వెడల్పు. ఉక్కు కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాలలో ఈ రోజుకీ ప్రపంచంలో దానిదే మొదటి స్థానం. పైకి వెళ్లేకొద్దీ కాంక్రీటులో తేలికైన రాయి కలిపి బరువు తగ్గించారు. నడినెత్తిన ఉన్న రంధ్రం నుంచి వాన లోపల పడితే నీరు పోవడానికి నేలలో సన్నని తూములున్నాయి. రెండోది ఫ్లోరెన్స్ కేథడ్రల్ మీద బ్రునెల్లెస్కీ 1420 నుంచి 1436 వరకు కట్టించిన ఇటుక గుమ్మటం. రెండు పొరల మధ్య ఉన్న ఇరుకు దారిలో 463 మెట్లెక్కి పైకి వెళ్తుంటే, ఇటుకలను అడ్డంగా, నిలువుగా కలిపి పేర్చిన వరుసలు చేతికి అందేంత దగ్గరలో కనపడతాయి. ఒక ఇంజనీరుకు ఇది ఎంత విలువైనదో ఆ పేజీ చదివితేనే నాకు అర్థమైంది. కనుక రోమ్, ఫ్లోరెన్స్ రెండూ అక్కడికక్కడే ఖాయమయ్యాయి.

ఇక మిగిలింది ఆమె అడిగిన కిటికీ, ఆ కిటికీలో నీళ్లు. ఆమె మనసులో ఉన్నది పోసిటానో అని చెప్పనక్కరలేదు. ఈ కేసులో కష్టమైన నిర్ణయం ఇదొక్కటే.

అమాల్ఫీ తీరం అందంలో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఆ తీరం మార్చి మొదటి సగంలో ఇంకా నిద్రలేవదు. కొండకు అతుక్కుని ఉన్న ఆ ఊళ్లలో చాలా హోటళ్లు, భోజనశాలలు నవంబరులో మూసి మార్చి చివర్లోనో, ఈస్టరు పండుగకో తెరుస్తారు. 2025లో ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చింది. ఊరి నుంచి ఊరికి తీసుకెళ్లే పడవలు కూడా దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే పూర్తిస్థాయిలో తిరుగుతాయి. పడవలు లేనప్పుడు ఆ ఇరుకు కొండదారిలో బస్సే దిక్కు. పోసిటానోకు రైలు లేదు. రోమ్ నుంచి వేగపు రైలులో నేపుల్స్‌కు గంటా పది నిమిషాలు, అక్కడి నుంచి లోకల్ రైలులో సొరెంటోకు మరో గంటకు పైగా, ఆపైన బస్సు, బస్సు దిగాక సామానుతో మెట్లు. వెళ్లడానికి ఒక పూట, తిరిగి రావడానికి ఒక పూట పోతుంది. ఫొటోలలో కనపడే ఆ నీలపు సముద్రం, గొడుగులు పరిచిన తీరం, పూలు నిండిన డాబాలు మే, జూన్, సెప్టెంబరు నెలలవి. మార్చిలో వాన పడే రోజులు తక్కువేమీ కాదు. మూసిన తలుపుల మధ్య, జల్లులో, తాను ఏళ్లుగా ఊహించుకున్న చోటును ఆమె మొదటిసారి చూడటం నాకు ఇష్టం లేదు. ఆ మాటే ఆమెతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను: "మీరు పోసిటానోను వదులుకోవడం లేదమ్మా, మార్చిలో వద్దంటున్నాను, అంతే."

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, పడవల వేళలూ, తెరిచి ఉన్న గదులూ స్వయంగా వెదుక్కుని, ఆ తర్వాతే సరేనన్నారు. అలా వెదుక్కున్నందుకు నాకు సంతోషమే కలిగింది. వేరొకరు తీసేసిన ఊరు మనసులో గుచ్చుకుంటూ ఉంటుంది, తాను చూసి తీసేసిన ఊరు గుచ్చుకోదు.

కోమో సరస్సుకు కూడా ఇదే కారణం వర్తించింది. మిలన్ నుంచి సరస్సు ఒడ్డునున్న వరెన్నాకు రైలులో సుమారు గంట, అక్కడి నుంచి బెల్లాజియోకు పడవలో పావుగంట. దారి సులువే. కానీ సరస్సు ఒడ్డున ఉన్న హోటళ్లూ, తోటలతో పేరుపడ్డ విల్లాలూ వసంతం వచ్చాక గానీ పూర్తిగా తెరుచుకోవు. కోమో తీసేశాక మిలన్‌కు విడిగా వెళ్లే కారణం ఏమీ మిగల్లేదు. లియొనార్డో డావించి గీసిన 'చివరి విందు' ఒక్కటే మిగిలిన ఆకర్షణ. దాన్ని చూడటానికి ఒక్కో బృందానికి ఇచ్చేది పావుగంట, ఆ టికెట్లు నెలల ముందే అయిపోతాయి. ఇద్దరిలో ఎవరి పేజీలోనూ అది లేదు. చింక్వే తెర్రెలోని అయిదు ఊళ్ల మధ్య నడకదారులు వానలకు తరచుగా మూస్తారు కనుక అదీ పోయింది. స్విట్జర్లాండ్ సంగతి మేనమామగారితో నేనే మాట్లాడాను. అక్కడికి రెండు రోజులు ఇస్తే ఇటలీలో ఏ రెండు రోజులు తీసేయాలో ఆయననే చెప్పమని కోరాను. ఆయన కాసేపు లెక్క వేసుకుని, మరోసారి అందరం కలిసి వెళ్దామన్నారు.

నీళ్ల కిటికీకి మార్చిలో నా జవాబు వెనిస్. ఆ సంవత్సరం అక్కడి కార్నివాల్ మార్చి 4తో ముగిసింది. పగటిపూట వచ్చి వెళ్లే సందర్శకుల నుంచి రద్దీ రోజుల్లో వసూలు చేసే ప్రవేశ రుసుము 2025లో ఏప్రిల్ 18న గానీ మొదలు కాలేదు. ఊళ్లోనే రాత్రి బసచేసేవారికి అది ఎటూ వర్తించదు. పండుగ జనం వెళ్లిపోయి వేసవి జనం ఇంకా రాని ఆ నడిమి వారాలలో గది ధరలు కాస్త దిగుతాయి. పొద్దున్నే పొగమంచు ఉండవచ్చు, చలి ఉంటుంది, కానీ ఊరు మూసి ఉండదు. ఆ ఊరు నీళ్లమీదే బతుకుతుంది కనుక పడవలు పన్నెండు నెలలూ తిరుగుతాయి.

పీసా విషయంలో ఆయన పట్టుదల చూపారు. వాలిన గోపురం దగ్గర ఫొటో లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లు ఇటలీ వెళ్లినట్టే ఒప్పుకోరన్నారు. ఇది తీసిపారేయదగ్గ కారణమని నేను అనుకోను. హనీమూన్ ఇద్దరిదే అయినా, ఆ ఫొటో కోసం ఎదురుచూసే అమ్మానాన్నలు కూడా అందులో ఉన్నారు. పీసాకు రాత్రి అక్కరలేదు, ఒక పూట చాలు. దానికి లూకా అనే పక్క ఊరిని కలిపాను. ఫ్లోరెన్స్ నుంచి రైలులో లూకాకు గంటన్నర లోపే. అక్కడ ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్ల పాత కోటగోడ మీద చెట్ల నీడన సైకిలు తొక్కవచ్చు. లూకా నుంచి పీసా అరగంట. పీసాలో పెద్ద స్టేషను దాకా వెళ్లకుండా సాన్ రొస్సోరే అనే చిన్న స్టేషనులో దిగితే గోపురం నడిచి వెళ్లేంత దగ్గర. ఇవి ప్రాంతీయ రైళ్లు. సీటు ముందుగా తీసుకోనక్కరలేదు, ధర రోజును బట్టి మారదు. అందువల్ల ఈ ప్రయాణాన్ని ఏ రోజుకూ కట్టేయకుండా, ఫ్లోరెన్స్‌లో వాన లేని రోజు చూసుకుని వెళ్లమన్నాను. ఒక్క జాగ్రత్త చెప్పాను: కాగితపు టికెట్టు కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్టు చేతిలో ఉన్నా జరిమానా కట్టాల్సి వస్తుంది.

ఇలా రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ మిగిలాయి. అందరూ వెళ్లే మూడు ఊళ్లే కదా, దీనికి ఇంత చర్చ ఎందుకని అనిపించవచ్చు. కానీ ఇవే మూడు ఊళ్లు మే నెలలో నా మొదటి ఎంపిక అయ్యేవి కావు. ఊరు మారిన ప్రతిసారీ కనీసం ఒక పూట పోతుంది. రైలు ప్రయాణం గంటన్నరే అయినా, పదకొండుకు గది ఖాళీ చేసి, మూడుకు కొత్త గది చేతికి వచ్చేదాకా మధ్యనున్న సమయమంతా సామాను కాపలాకే సరిపోతుంది. ఎనిమిది చోట్లంటే ఏడు మార్పులు, పది రోజులలో మూడున్నర రోజులు. మూడు ఊళ్లంటే రెండు మార్పులు, ఒక్క రోజు. మిగిలిన రెండున్నర రోజులే ఆమె రాసిన ఆ తొందర లేని రోజులు.

రాత్రులను నాలుగు, మూడు, మూడుగా పంచాను. రోమ్‌లో నాలుగు ఎందుకంటే, మొదటి సాయంత్రం దిగిన అలసటకే పోతుంది. పైగా 2025 కాథలిక్కులు రోమ్ యాత్రకు వచ్చే జూబిలీ సంవత్సరం. 2024 డిసెంబరు 24న సెయింట్ పీటర్స్ చర్చి పవిత్ర ద్వారం తెరిచినప్పటి నుంచి అప్పట్లో యాత్రికులు వస్తూనే ఉన్నారు. వరుసలలో నిలబడే సమయం ఆ ఏడు ఎక్కువే ఉంటుంది. వారాలు చూసుకుని పని పంచుకున్నాం. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప ఆదివారాలు మూస్తారు కనుక వాటిని సోమవారానికి పెట్టి, ఆదివారం పాంథియాన్ ఉన్న పాత వీధులకు వదిలాం. ఫ్లోరెన్స్‌లో ఉఫీట్సీ చిత్రశాల, మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా రెండూ సోమవారం మూసి ఉంటాయి. వారు అక్కడుండేది బుధవారం నుంచి శనివారం దాకా కనుక ఇబ్బంది లేదు. కొలోసియం టికెట్లు సుమారు నెల ముందు అమ్మకానికి వస్తాయి, వాటి మీద పేర్లుంటాయి. పాస్‌పోర్టులో ఉన్న పేరే టికెట్టు మీదా ఉండాలి.

ఈ పేరు విషయం కొత్త పెళ్లికూతుళ్లందరికీ చెప్తాను. వీసాకు జనవరి మొదట్లోనే, అంటే పెళ్లికి ముందే, దరఖాస్తు పెట్టాం. ఆమె పాస్‌పోర్టు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంది. పెళ్లయ్యాక పేరు మార్చుకునే ఆలోచన ఉన్నా, ఈ ప్రయాణం అయ్యేదాకా దాన్ని కదపవద్దన్నాను. విమానం, వీసా, బీమా, హోటలు, కొలోసియం అన్నీ ఒకే పేరుతో ఉండాలి. ఎవరి బ్యాంకు కాగితాలు వారివి విడిగా పెట్టి, పెళ్లికార్డు జతచేశాం. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలన్నది షెంగెన్, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా, నియమం. ఒక్క ఇటలీయే కావడం వల్ల ఏ దేశం దగ్గర దరఖాస్తు చేయాలన్న ప్రశ్న రాలేదు. స్విట్జర్లాండ్ లేకపోవడంలో ఇదొక చిన్న సౌకర్యం.

విమానాలను రోమ్‌లో దిగి వెనిస్‌లో ఎక్కేలా తీసుకున్నాం. దుబాయ్ మీదుగా రెండు ఊళ్లకూ ఒకే సంస్థ విమానాలున్నాయి. రానూపోనూ రోమ్‌కే తీసుకుంటే టికెట్టు కొంచెం చవకగా కనపడుతుంది గానీ, వెనిస్ నుంచి రోమ్‌కు వెనక్కి రావడానికి నాలుగు గంటల రైలు, దాని ఖర్చు, ఒక పూట కలిపి చూస్తే ఆ చవక నిలవదు. వెనిస్‌ను చివర పెట్టడం కావాలనే చేశాను. చూడవలసినవన్నీ చూసేశాక, ఇక చూడాల్సిందేమీ లేదన్న నిశ్చింతతో వెళ్తే ఆ ఊరు మరింత బాగుంటుంది.

ఖర్చు విషయంలో నా సలహా కొందరికి నచ్చదు. వెనిస్‌కు పది నిమిషాల రైలు దూరంలో ఉన్న మెస్త్రేలో గదులు చాలా చవక, ప్యాకేజీ టూర్లు ఎక్కువగా అక్కడే దింపుతాయి. హనీమూన్‌కు మాత్రం నేను ఆ మాట ఒప్పుకోను. సాయంత్రం పగటి జనమంతా వెళ్లిపోయాక, వీధిలో తమ అడుగుల చప్పుడు తమకే వినిపించే ఆ వేళల కోసమే వెనిస్ వెళ్లాలి. సరిగ్గా ఆ వేళకు స్టేషనుకు పరుగెత్తాల్సి వస్తే ఇక వెళ్లడమెందుకు? రోమ్‌లో టెర్మినీ స్టేషనుకు, కొలోసియానికి మధ్యనున్న మోంటీ ప్రాంతంలో చిన్న గది తీసుకుని, మిగిలిన డబ్బును వెనిస్‌లో కన్నరేజియో ప్రాంతంలో, కాలువ మీదికి కిటికీ ఉన్న, చిన్న వంటగది కూడా ఉన్న ఇంటికి మళ్లించాం. పడవ దిగిన చోటి నుంచి ఆ ఇంటికి ఎన్ని వంతెనలున్నాయో పటంలో లెక్కపెట్టి చూశాకే ఖరారు చేశాను. వెనిస్ వంతెనలంటే మెట్లు, పెట్టెలు చేత్తో మోయాల్సిందే.

వంటగది అడగడానికి కారణం ఆమె భోజనం. ఆమె గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఇటలీలో శాకాహారం దొరకడం కష్టం కాదు, గుడ్డు కనిపెట్టడమే కష్టం. ఎండు పాస్తాలో సాధారణంగా గుడ్డు ఉండదు, అప్పటికప్పుడు చేసే తాజా పాస్తాలో చాలావరకు ఉంటుంది. రోమ్‌లో చీజు, మిరియాలతో చేసే కాచో ఎ పెపే శాకాహారమే అనిపిస్తుంది, కానీ దాన్ని తొన్నరెల్లి అనే పాస్తాతో చేస్తే అందులో గుడ్డు ఉంటుంది. స్పగెట్టీతో చేయమని అడగాలి. అందులో వేసే పెకొరినో, ఉత్తరాది పార్మిజానో చీజులు పశువుల కడుపు నుంచి తీసిన, పాలను విరిచే రెన్నెట్‌తో తయారవుతాయి. ఇది ముందే చెప్పాను, తినాలా వద్దా అన్నది ఆమె నిర్ణయించుకున్నారు. ఫ్లోరెన్స్‌లో రొట్టె, చిక్కుళ్లు, ఆకుకూరతో చేసే రిబొల్లీతా అనే చిక్కటి చారు ఆ చలికి సరైన భోజనం, అందులో మాంసం వేయలేదని అడిగి తెలుసుకుంటే చాలు. మూడింటిలో శాకాహారులకు కష్టమైన ఊరు వెనిస్, అక్కడ అంతా చేపలే. రియాల్టో సంతలో కూరగాయలు కొనుక్కుని, ఇంటి నుంచి తీసుకెళ్లిన బియ్యం, కందిపొడితో ఒక పూట వండుకోవచ్చని ఆ ఏర్పాటు. నెయ్యి మాత్రం పెట్టవద్దన్నాను. పాల పదార్థాలను, మాంసాన్ని బయటి దేశాల నుంచి సామానులో తీసుకురావడానికి యూరోపియన్ యూనియన్ నియమాలు ఒప్పవు.

ప్రయాణం దాదాపు అనుకున్నట్టే జరిగింది. రోమ్‌లో వరుసలు పొడవుగానే ఉన్నాయి. ఫ్లోరెన్స్‌లో ఒక రోజంతా వాన పడితే ఆ రోజు మ్యూజియంలకు ఇచ్చి, మరుసటి రోజు లూకా, పీసా వెళ్లారు. ఫొటో ఇంటికి చేరింది. వెనిస్‌లో ఏ పనీ పెట్టని రోజున పన్నెండుకు లేచి, ఫొందమెంతే నోవే నుంచి పన్నెండో నంబరు పడవెక్కి బురానో దీవికి వెళ్లి, సాయంత్రం దాకా ఆ రంగురంగుల ఇళ్ల మధ్యే ఉన్నారు. కాలువల్లో తిప్పే గొందోలా పడవ ఎక్కలేదు. పగలు అరగంటకు నగరపాలక సంస్థ ఖరారు చేసిన ధర 90 యూరోలు. ఆ డబ్బుతో ఆరుబయట రెండు రాత్రుల భోజనం చేశామని ఆయన చెప్పారు. రోమ్‌లో మరో రోజు ఉంటే ఓస్తియా అనే పాత రోమన్ రేవు శిథిలాలు చూసేవాళ్లమని ఆయన అన్నమాట నిజమే. అది మూడు ఊళ్ల లెక్కలో పోయిన రోజు, ఆయన పేజీ నుంచి ఆమె పేజీకి వెళ్లిన రోజు.

ఇదే జంట వైశాఖంలో పెళ్లి చేసుకుని మే నెలాఖరున వెళ్లి ఉంటే నా సలహా మారేది. అప్పుడు వెనిస్ తీసేసి, రోమ్‌కు మూడు, ఫ్లోరెన్స్‌కు మూడు, అమాల్ఫీ తీరానికి నాలుగు రాత్రులు ఇచ్చేవాడిని. ముందు ఫ్లోరెన్స్, ఆపైన వేగపు రైలులో నేరుగా సలెర్నో, అక్కడి నుంచి పడవలో తీరం, తిరిగి వచ్చి రోమ్‌లో విమానం. శ్రావణంలో పెళ్లయితే ఆగస్టులో వద్దంటాను. పదిహేనో తేదీ ఫెర్రగోస్తో సెలవుకు ఇటలీ అంతా సముద్రం ఒడ్డుకు చేరుతుంది, రోమ్, ఫ్లోరెన్స్ ఎండ మనకు కూడా ఎక్కువే. సెప్టెంబరు మూడో వారం దాకా ఆగగలిగితే పడవలూ తిరుగుతుంటాయి, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. అయిదో పెళ్లిరోజుకు పోసిటానో వెళ్లాలని వీరిద్దరూ ఇప్పుడే అనుకుంటున్నారు. ఫిబ్రవరిలో వచ్చే ఆ పెళ్లిరోజును సెప్టెంబరులో జరుపుకోమని చెప్పాను.